లైన్ అంటే గీత ఒక్కటేనా?

(దృశ్యం: అలిపిరి, తెల్లవారుజాము. మెట్ల దారి పట్టిన యాత్రికులు. వెనక నుంచి గోవింద నామాలు.)

నమస్కారం. ఇది అలిపిరి. ఇక్కడి నుంచి కొండకు 3,550 మెట్లు. తిరుపతిలో పెరిగిన పిల్లలకు ఊహ తెలిసేనాటికే చెవిన పడే ఇంగ్లిష్ మాట ఒకటుంది. లైన్. "సామీ, లైన్ యాడుంది?" "లైన్ కదిలిందా?" "లైన్లో రండమ్మా, తోసుకోవద్దు." బడి ముఖం చూడని అవ్వ కూడా ఈ మాటను తెలుగు మాటలాగే వాడుతుంది. అంత తెలిసిన మాట దగ్గరే నా స్టూడెంట్ ఒకడు తడబడ్డాడు.

నేను ఇక్కడ స్పోకెన్ ఇంగ్లిష్ చెబుతాను. ఆ కుర్రాడు ఒకరోజు దర్శనానికి కొండకు వెళ్లాడు. ఉత్తరాది నుంచి వచ్చిన ఒక పెద్దాయన వాణ్ణి ఆపి, "వేర్ డజ్ ద లైన్ స్టార్ట్?" అని అడిగారు. లైన్ మొదలంటే ముందు భాగమే కదా అనుకుని వీడు గుడి వైపు చెయ్యి చూపించాడు. ఆ భార్యాభర్తలిద్దరూ ఎండలో అంత దూరం నడిచి వెళ్లి, మళ్లీ అంతా వెనక్కి నడిచారు. క్లాసుకొచ్చి ఈ సంగతి చెప్పేటప్పుడు వాడి గొంతు పూడుకుపోయింది. "లైన్ అంటే నాకు తెలియకపోవడం ఏంది సార్?" అన్నాడు. వాడికి ఆ రోజు క్లాసులో చెప్పిందే ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

(దృశ్యం: గిన్నెలో అవిసె గింజలు. దగ్గరగా.)

ఇవి అవిసె గింజలు. ఈమధ్య చాలా ఇళ్లలో పొడి కొట్టుకుని అన్నంలో కలుపుకుంటున్నారు. ఈ మొక్క కాండం నుంచి నార వస్తుంది. ఆ నారతో నేసిన బట్టే లినెన్. లాటిన్ భాషలో ఈ మొక్కను లీనుమ్ అనేవాళ్లు. దాని నారతో పేనిన దారం లీనెయా. ఆ లీనెయా కొంత నేరుగా, కొంత ఫ్రెంచ్ మీదుగా ఇంగ్లిష్‌లోకి వచ్చి లైన్ అయింది.

అంటే లైన్ అనే మాట పుట్టినప్పుడు దాని అర్థం గీత కాదు, దారం. నోట్‌బుక్‌లో దీన్ని పెద్ద అక్షరాలతో రాసుకోండి. ఇది గుర్తుంటే మిగతా అర్థాలను బట్టీ పట్టే పని ఉండదు.

(దృశ్యం: కడుతున్న ఇల్లు. రెండు మేకుల మధ్య బిగించిన దారం. పక్కన వడ్రంగి.)

దారం గీతగా ఎలా మారిందో మేస్త్రీ దగ్గరికి వెళ్తే కళ్లారా కనిపిస్తుంది. గోడ ఈ చివర ఒక మేకు, ఆ చివర ఒక మేకు, మధ్యలో బిగించి కట్టిన దారం. ఇటుకలన్నీ ఆ దారం వెంబడే పోతాయి. ఇక్కడ వడ్రంగిని చూడండి. రంగు పూసిన దారాన్ని చెక్క మీద బిగబట్టి, మధ్యలో పైకి లాగి వదిలాడు. టప్ మని గీత పడింది. దారం తీసేశాడు, గీత చెక్క మీద మిగిలింది. మాట విషయంలోనూ జరిగింది ఇదే.

దారం వెంబడి కట్టిన గోడ వంకర పోదు. అలా దారం అంటే "ఇలా నడుచుకోవాలి" అనే అర్థం కూడా వచ్చింది. ఇది ఇంగ్లిష్‌లో మాత్రమే జరగలేదు. సంస్కృతంలో సూత్రం అంటే దారం. మంగళసూత్రంలో ఉన్నది ఆ దారమే. మరి గణిత సూత్రం, వ్యాకరణ సూత్రం? అక్కడ సూత్రం అంటే నియమం. ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా రెండు భాషలూ ఒకే దారిలో నడిచాయి. గైడ్‌లైన్స్ అనే మాటకు మన పేపర్లు మార్గదర్శక సూత్రాలు అని రాస్తాయి. ఇంగ్లిష్ మాటలోనూ దారం ఉంది, తెలుగు మాటలోనూ దారం ఉంది. నాకు ఈ సంగతి తట్టిన రోజు, క్లాసు అయిపోయిన తర్వాత కూడా బోర్డు తుడవబుద్ధి కాలేదు.

(దృశ్యం: గాంధీ రోడ్డులో ఒక టైలర్ షాపు. జాకెట్టు గుడ్డ, లోపలి గుడ్డ.)

"లైనింగ్ వేయాలా అమ్మా?" టైలర్ రోజుకు ఎన్నిసార్లు అడుగుతాడో ఈ మాట. ఈ లైనింగ్‌కూ గీతకూ ఏ సంబంధమూ కనిపించదు. అవిసె దగ్గరికి వెనక్కి వెళ్తే కనిపిస్తుంది. యూరప్‌లో పైన ఉన్ని బట్ట, లోపల ఒంటికి తగిలే చోట మెత్తటి లినెన్ వేసి కుట్టేవాళ్లు. లినెన్ వేయడం కాబట్టి లైనింగ్. ఇప్పుడు కాటన్ వేసినా, పాలిస్టర్ వేసినా ఆ పేరే. బండి బ్రేకులకు లోపల అంటించే పొరకు కూడా మెకానిక్ బ్రేక్ లైనింగ్ అంటాడు. లోపలి పొర ఏదైనా సరే, ఆ మాట పనికొచ్చింది.

(దృశ్యం: కరెంటు స్తంభం మీద లైన్‌మన్. ఆ తర్వాత రైలు పట్టాలు.)

దారంలా సాగదీసి ఉన్న ప్రతిదీ లైన్ అయింది. కరెంటు తీగ లైన్, ఫోన్ తీగ లైన్. అందుకే ఫోన్‌లో హోల్డ్ ద లైన్ అంటారు, మనం లైన్లో ఉండండి అంటాం. ఇప్పుడు సెల్‌ఫోన్‌కు తీగ లేదు, అయినా లైన్ బిజీ అనే అంటున్నాం. వస్తువు పోయినా మాట ఉండిపోతుంది.

రైలు దగ్గర కాసేపు ఆగుదాం, మన జిల్లాలకు రైలుతో ఉన్న చుట్టరికం అలాంటిది. తిరుపతి నుంచి పాకాల, చిత్తూరు మీదుగా కాట్పాడికి వెళ్లేది సింగిల్ లైన్. పాకాల దగ్గర ధర్మవరం లైన్ విడిపోతుంది. ఒకే పట్టాల జత మీద అటు వెళ్లే రైళ్లు, ఇటు వచ్చే రైళ్లు. రెండు స్టేషన్ల మధ్య ఒకసారికి ఒక రైలే ఉండాలి. అందుకని రైలును పంపే ముందు స్టేషన్ మాస్టర్ అవతలి స్టేషన్‌ను అడుగుతాడు. అక్కడి నుంచి దారి ఖాళీగా ఉందని అనుమతి వస్తేనే రైలు కదులుతుంది. ఆ అనుమతి పేరు లైన్ క్లియర్.

ఈ రైల్వే మాట మన తెలుగులో ఎంత దూరం వెళ్లిందో చూడండి. 2025 ఏప్రిల్‌లో కేంద్ర క్యాబినెట్ తిరుపతి, పాకాల, కాట్పాడి మధ్య 104 కిలోమీటర్ల డబ్లింగ్‌కు 1,332 కోట్ల రూపాయల అంచనాతో ఆమోదం తెలిపింది. ఇలాంటి వార్తకు తెలుగులో లైన్ క్లియర్ అని హెడ్డింగ్ పెడితే ఎవరికైనా అర్థమవుతుంది. సంబంధం కుదిరినా లైన్ క్లియర్, పెద్దాయన ఒప్పుకున్నా లైన్ క్లియర్. కానీ ఇంటర్వ్యూలో "మై ప్రమోషన్ గాట్ లైన్ క్లియర్" అంటే బయటి దేశం మనిషికి అర్థం కాదు. "ఇట్ వాజ్ అప్రూవ్డ్" అంటే చాలు.

ఇంకొక్క ముచ్చట. ఎయిర్‌లైన్ అనే మాట విమానాల కంటే ముందే ఉంది. రైట్ సోదరులు 1903లో విమానం ఎగరేశారు. అంతకు ముందే అమెరికాలో ఎయిర్ లైన్ అని పేరు పెట్టుకున్న రైల్వే కంపెనీలు ఉన్నాయి. అక్కడ ఎయిర్ లైన్ అంటే గాలిలో దారం లాగినట్టు తిన్నగా, దగ్గరి దారిలో వెళ్లే లైన్ అని. రేణిగుంటలో విమానం దిగేవాళ్లు టికెట్ మీద ఆ పేరు చూసినప్పుడు ఒకసారి గుర్తు చేసుకోండి.

(దృశ్యం: నల్లటి తెర. నేల మీద వరుసగా గుంజలు, వాటి మీద అడ్డకర్ర.)

ఇప్పుడు చెప్పబోయేది కాస్త బాధ కలిగించే కథ. మీరందరూ రోజూ వాడే మాట. డెడ్‌లైన్. 1860లలో అమెరికాలో ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం జరిగింది. యుద్ధఖైదీలను పెట్టిన శిబిరాల్లో ప్రహరీకి కొంత లోపలగా ఒక హద్దు గీసేవాళ్లు. జార్జియా రాష్ట్రంలోని ఆండర్సన్‌విల్ శిబిరంలో అది గుంజల మీద వేసిన కర్రల కంచె. దాన్ని దాటిన ఖైదీని కావలివాడు అక్కడికక్కడే కాల్చేసేవాడు. దాటితే చావే కాబట్టి డెడ్ లైన్. 20వ శతాబ్దం మొదట్లో ఆ మాట పత్రికాఫీసుల్లోకి వచ్చింది. ఈ టైమ్ దాటితే వార్త అచ్చులోకి పోదు అనే అర్థంలో. ఇప్పుడు అసైన్‌మెంట్‌కు కూడా డెడ్‌లైన్ అంటూ టెన్షన్ పడుతున్నాం. ఆ గుంజల పక్కన నిలబడినవాళ్లను తలుచుకుంటే నా మనసు బరువెక్కుతుంది.

(దృశ్యం: శ్రీకాళహస్తి. కలంకారీ కళాకారిణి చేతిలో వెదురు కలం.)

శ్రీకాళహస్తి కలంకారీలో అచ్చులు ఉండవు. వెదురు కలంతో, చేత్తోనే గీత గీస్తారు. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద, బెల్లం నీళ్లలో ఇనుప ముక్కలు నానబెట్టి తీసిన నల్ల రంగుతో ముందు బొమ్మ చుట్టూ గీత. దాన్ని ఇంగ్లిష్‌లో అవుట్‌లైన్ అంటారు. రంగులు తర్వాత. కథకో, ప్రసంగానికో ముందుగా వేసుకునే రూపానికి కూడా అవుట్‌లైన్ అనే అంటారు. సినిమావాళ్లు లైన్ చెప్పాడు, లైన్ నచ్చింది అంటే అర్థం అదే.

తెలుగులో అయితే మనకు ఒక్కోదానికి ఒక్కో మాట ఉంది. చెనిక్కాయ చేలో ఉండేది సాలు. పెళ్లి భోజనాల్లో కూర్చునేది బంతి. అది పంక్తి నుంచి వచ్చిన మాట. బట్టలు ఆరేసేది దండెం. పద్యంలో ఉండేది పాదం. నుదుటి మీద ముడత, అరచేతిలో రేఖ. చంద్రగిరి కోట నుంచి పాలించిన అరవీటి రాజులది వంశం. వీటన్నిటికీ ఇంగ్లిష్‌లో లైన్ అనే ఒక్క మాటే వాడొచ్చు. అందుకే డిక్షనరీలో లైన్ ఈక్వల్ టు గీత అని ఒక్కటే రాసుకున్న పిల్లవాడు "హి కమ్స్ ఫ్రమ్ ఎ లైన్ ఆఫ్ డాక్టర్స్" దగ్గర ఆగిపోతాడు. ఆ ఇంట్లో తరతరాలుగా డాక్టర్లే అని దాని అర్థం. తాత, తండ్రి, కొడుకు, ఒకే దారానికి కట్టిన ముళ్లు.

మనం సొంతంగా కలుపుకున్న అర్థాలూ ఉన్నాయి. కుర్రాళ్లు లైన్ వేస్తున్నాడు అంటారే, అది పూర్తిగా మనదే. ఇంగ్లిష్‌లోకి మాటకు మాట పెట్టి చెప్పకండి. "ఏ లైన్లో ఉన్నారు?" అంటే ఏం పని చేస్తున్నారు అని. ఇది మాత్రం ఇంగ్లిష్‌లోనూ నడుస్తుంది. "వాట్ లైన్ ఆఫ్ వర్క్ ఆర్ యు ఇన్?" అని అడుగుతారు.

(దృశ్యం: క్లాస్ రూమ్. బోర్డు మీద నాలుగు వాక్యాలు.)

పరీక్షలకు చదివేవాళ్లు ఇక్కడ జాగ్రత్తగా వినండి. లైన్‌కు ముందూ వెనకా వచ్చే చిన్న మాట మారితే అర్థం మొత్తం మారిపోతుంది. "షి ఈజ్ ఇన్ లైన్ ఫర్ ఎ ప్రమోషన్" అంటే ప్రమోషన్ తనకు వచ్చే వరుసలో ఉందని. "ఇన్ లైన్ విత్ ద రూల్స్" అంటే నిబంధనల ప్రకారమే అని. ఇక్కడ మేస్త్రీ దారం గుర్తొస్తే చాలు. "హిజ్ కామెంట్ వాజ్ అవుట్ ఆఫ్ లైన్" అంటే హద్దు మీరి మాట్లాడాడని. "హిజ్ జాబ్ ఈజ్ ఆన్ ద లైన్" అంటే ఉద్యోగం పోయే ప్రమాదంలో ఉందని. చాలామంది ఈ చివరిదాన్ని ఆన్‌లైన్ ఉద్యోగం అనుకుంటారు. మధ్యలో ఉన్న "ద" ను వదిలేయకండి.

(దృశ్యం: తిరుమల. వైకుంఠం క్యూ కాంప్లెక్స్ బయట కదులుతున్న జనం.)

ఇక మా కుర్రాడి దగ్గరికి వద్దాం. మనుషులు ఒకరి వెనక ఒకరు నిలబడితే అమెరికావాళ్లు లైన్ అంటారు, బ్రిటన్‌వాళ్లు క్యూ అంటారు. క్యూ ఫ్రెంచ్ మాట. అర్థం తోక. మనుషుల వరుసకు ఇంగ్లిష్‌లో ఆ మాట వాడటం 1830లలో మొదలైంది. తిరుమలలో మనం ఆ రెంటినీ కలిపేసి క్యూలైన్ అంటాం. కంపార్ట్‌మెంట్లు నిండిపోయి, క్యూలైన్ శిలాతోరణం దాకా హనుమంతుడి తోకలా సాగిన రోజు చూసినవాళ్లకు, తోక అనే అర్థం ఎంత సరైనదో వేరే చెప్పనక్కర్లేదు.

కొత్తగా వచ్చినవాడు చేరాల్సింది ఆ తోక దగ్గరే. "వేర్ డజ్ ద లైన్ స్టార్ట్?" అని అడిగిన పెద్దాయనకు కావలసింది గుడి దగ్గరి చివర కాదు, తాను వెళ్లి నిలబడాల్సిన చోటు. "ఈజ్ దిస్ ద ఎండ్ ఆఫ్ ద లైన్?" అని ఇంకొకరు అడిగినా అదే చోటు గురించే. ఒకరు స్టార్ట్ అన్నారు, ఒకరు ఎండ్ అన్నారు, చూపించాల్సిన చోటు మాత్రం ఒక్కటే. గుడి దగ్గరున్న చివరను చెప్పాలంటే ద ఫ్రంట్ ఆఫ్ ద లైన్ అనాలి. మధ్యలో దూరేవాళ్లను ఆపాలంటే "ప్లీజ్ డోంట్ కట్ ద లైన్" అనండి. బ్రిటిష్ ఇంగ్లిష్ అలవాటున్నవాళ్లతో "డోంట్ జంప్ ద క్యూ" అంటే సరిపోతుంది.

మా కుర్రాడు మూడుసార్లు పలికి నేర్చుకున్న వాక్యం ఇదిగో, మీరూ నాతోపాటు పలకండి. "సర్, ప్లీజ్ జాయిన్ ద లైన్ ఓవర్ దేర్, బిహైండ్ ద లాస్ట్ పర్సన్." చెయ్యి కూడా అటే చూపించండి.