తొడిమ తీసిన కాయలు

వేదిక మీదున్న గురువులకు, నా క్లాస్‌మేట్లకు, ఈ ఏడాది కొత్తగా చేరిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారం. పోయిన ఏడాది మేము చదివిన మార్కెటింగ్ మొదటి పాఠాల గురించి మీతో మాట్లాడమని మా మేడమ్ చెప్పారు.

మాది గుంటూరుకు దగ్గర్లో ఒక పల్లె. మిర్చి వేస్తాం. మా ఇంట్లో మార్కెట్ అంటే మిర్చి యార్డే. కల్లంలో కాయ ఎండబెట్టి, తాలు, అంటే రంగు పోయిన కాయ, ఏరి, టిక్కీలకు, అంటే గోనె బస్తాలకు, ఎత్తి, రాత్రికి రాత్రి బండి కట్టించి తెస్తారు. తెల్లారాక కొనేవాళ్లు వచ్చి మచ్చు తీస్తారు. పిడికెడు కాయ చేతిలోకి తీసుకుని రంగు చూస్తారు, విరిచి తేమ చూస్తారు, తాలు ఎంత కలిసిందో చూస్తారు. ఒక అంకె చెప్తారు. నాన్న కాసేపు నిలబడి, ఇంకో రూపాయి అడిగి, చివరికి తల ఊపుతాడు. చిన్నప్పటి నుంచి నేను చూసిన బేరం అదొక్కటే.

అందుకే మేడమ్ బోర్డు మీద ప్రొడక్ట్, ప్రైస్, ప్లేస్, ప్రమోషన్ అని రాసినప్పుడు నా పెన్ను ఆగిపోయింది. జెరోమ్ మెకార్తీ అనే అమెరికా ప్రొఫెసర్ 1960లో చెప్పిన నాలుగు ‘పీ’లు అవి. ఈ నాలుగింటినీ అమ్మేవాళ్లే నిర్ణయించుకుంటారని పాఠం. మా నాన్న చేతిలో మొదటిది మాత్రమే ఉంది. ధర ఆయన పెట్టడు. ఆ మాట చెప్పాలనిపించింది గానీ, ఆ రోజు చెప్పలేకపోయాను.

ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఇచ్చారు. ఐదుగురు ఒక జట్టు, రెండు వేల రూపాయలు, రెండు వారాలు. ఏదైనా అమ్మి లెక్క చూపించాలి. మా ఇంటి తేజ రకం కాయతో, అది బాగా ఘాటు, కారం పట్టించి, కవర్లలో పోసి అమ్ముదామన్నాను. అందరూ ఒప్పుకున్నారు. కవరు మీద పేరు ఏం పెట్టాలి, ఏ రంగు వేయాలి అని మూడు రోజులు కూర్చున్నాం. ఆ మూడు రోజుల్లో కొనేవాళ్లలో ఒక్కరినీ ఏమీ అడగలేదు. తర్వాత గుంటూరు బ్రాడీపేటలో అపార్ట్‌మెంట్ల చుట్టూ రెండు సాయంత్రాలు తిరిగితే, ఒక్కరు కూడా తీసుకోలేదు. టెన్షన్ మొదలైంది. మేడమ్ దగ్గరికి వెళ్తే, “రేపు అమ్మకండి. ఊరికే వెళ్లి, కారం ఎలా చేసుకుంటారో అడిగి రండి” అన్నారు.

అడిగాం. నిజానికి ఈ కోర్సులో నేను నేర్చుకున్నదంతా ఆ ఒక్క రోజే నేర్చుకున్నాను. ఒక పెద్దావిడ మమ్మల్ని లోపల కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి చెప్పారు. “ఆవకాయకు ఉట్టి ఘాటుంటే చాలదమ్మా, ఎర్రగా ఉండాలి. ఎవరో పట్టించిన కారం ఏడాది ఉండాల్సిన జాడీలో ఎలా వేస్తాను? కాయ తెచ్చుకుని, నా కళ్ల ముందు మర పట్టించుకుంటాను.” మరి కాయే తెచ్చి ఇస్తే కొంటారా అన్నాం. “కొంటాను గానీ తొడిమలు తీయాలంటేనే భయం. రెండు రోజులు చేతులు మండుతాయి” అన్నారు. తర్వాతి నాలుగిళ్లలోనూ, మాటలు వేరైనా, ఇదే విన్నాం.

కారం వదిలేశాం. మా తేజ కాయలో, ఘాటు తక్కువ, రంగు ఎక్కువ ఉండే బ్యాడిగి కాయను పక్క చేను వాళ్ల దగ్గర కొని కలిపాం. మా అమ్మ, వీధిలో ఇంకో ముగ్గురు ఆడవాళ్లు తొడిమలు తీశారు. వాళ్లకు కూలి కట్టాం. ఆ కాయను కిలో, రెండు కిలోల సంచుల్లో ఇళ్లకు చేరవేశాం. నాలుగు రోజుల్లో అరవై కిలోలు అయిపోయాయి. సంచి మీద పేరు కూడా లేదు. కడలూరుకు చెందిన చిన్ని కృష్ణన్ షాంపూను చిన్న ప్యాకెట్లలో అమ్మిన సంగతి క్లాసులో విన్నప్పుడు, అదొక వ్యాపారపు ఎత్తు అనుకున్నాను. సీసా కొనలేని మనిషి చేతిలో ఆ పూట ఎంత డబ్బుంటుందో తెలిసినవాడికే ఆ ఆలోచన వస్తుందని ఇప్పుడనిపిస్తోంది.

ఆ అరవై కిలోలకు ధర మేమే పెట్టాం. మా ఇంట్లో అది మొదటిసారి. లెక్క పుస్తకం నాన్నకు చూపించాను. ఆయన రెండుసార్లు చదివి, “బాగుందమ్మా. అరవై కిలోలంటే టిక్కీన్నర. మనకు నూరు టిక్కీల పైన ఉంది కదా, దానికి ధర ఎవరు పెడతారు?” అన్నాడు.

ఈసారి ఆ ప్రశ్నను క్లాసులో అడిగాను. మేడమ్ ఆ రోజు పాఠం పక్కనపెట్టి గంటసేపు దాని మీదే మాట్లాడారు. పక్కవాడి సరుకూ మన సరుకూ కొనేవాడికి ఒకేలా కనిపించినంత కాలం ధర మన చేతికి రాదన్నారు. గుంటూరు సన్నం అనే మిర్చి రకానికి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉంది, కానీ టిక్కీలో తాలు కలిస్తే ఆ పేరు రైతుకు అక్కరకు రాదు. కోల్డ్ స్టోరేజీలో పెడితే కొన్నాళ్లు ఆగే వీలు దొరుకుతుంది, దానికి అద్దె కట్టాలి, అప్పిచ్చినవాళ్లు ఆగాలి. పదిమంది రైతులు కలిసి రకం వారీగా వేరుచేసి అమ్మితే కొంత మెరుగు. ఇవేవీ మా నాన్న ప్రశ్నకు పూర్తి జవాబు కాదని మేడమే ఒప్పుకున్నారు. 2025 ఫిబ్రవరిలో ధర బాగా పడిపోయినప్పుడు కేంద్రం మిర్చికి క్వింటా 11,781 రూపాయలని ప్రకటించింది. అది కూడా ఢిల్లీలో పెట్టిన అంకే.

మార్కెటింగ్ అంటే మాటలతో మాయ చేయడం అనుకుని ఈ క్లాసుకు వచ్చేవాళ్లు మీలోనూ ఉంటారు. మా జట్టులో అందరం అలాగే అనుకున్నాం. మీరు మాత్రం కవరు మీద పేరు పెట్టకముందే ఏదో ఒక ఇంటి తలుపు కొట్టండి.

గురువులకు ఒక విన్నపం. ఆసియాలోనే పెద్ద మిర్చి మార్కెట్లలో ఒకటి మన ఊళ్లోనే ఉంది. ధర గురించి చెప్పే పాఠం ఒక్కటైనా, ఫిబ్రవరి, మార్చిల్లో, తెల్లవారుజామున యార్డులో పెట్టించండి. మా నాన్నను అడిగాను. టిక్కీ విప్పి మచ్చు ఎలా తీస్తారో చూపిస్తానన్నాడు. రాదలచుకున్నవాళ్లు ఈ సాయంత్రమే నాకు పేర్లివ్వండి.