కుంచెలో నీటి లెక్క

మినియేచర్ బొమ్మలు, అంటే సూక్ష్మ చిత్రాలు, గీయడం నేర్చుకోవడానికి వచ్చిన అందరికీ నమస్కారం.

మీలో చాలామంది చేతుల్లో కొత్తగా కొన్న మూడు సున్నాల (000 నంబరు) కుంచె కనిపిస్తోంది. నేనూ దానితోనే మొదలుపెట్టాను. అంత చిన్న కన్ను గీయాలంటే అంత సన్నటి కుంచె కావాలనుకున్నాను. ఆర్నెల్లు అవస్థపడ్డాను. గీత సగంలో ఆగిపోయేది, లేదంటే ఒకచోట ముద్ద కట్టేది. చెయ్యి వణుకుతోందేమోనని టెన్షన్ పడ్డాను. తప్పు చేతిది కాదని చాలా ఆలస్యంగా తెలిసింది.

మినియేచర్ అనే మాట లాటిన్‌లోని మినియం నుంచి వచ్చింది. మినియం అంటే సిందూరం. పాతకాలపు చేతిరాత పుస్తకాల్లో అక్షరాలకు ఆ ఎర్ర రంగు వేసేవారు. చిన్నది అనే అర్థం ఆ తర్వాత వచ్చి చేరింది. అందుకే మొదటిరోజే చిన్నగా గీయాలని తొందరపడొద్దని చెబుతాను.

మొఘల్, రాజస్థానీ, పహాడీ చిత్రకారులు వాడిన సంప్రదాయ కుంచెను గమనించండి. ఉడుత తోక వెంట్రుకల్ని కట్టగట్టి పక్షి ఈక గొట్టంలో దిగేస్తారు. పొట్ట లావుగా ఉంటుంది, మొనకు వచ్చేసరికి ఒక్క వెంట్రుకే మిగులుతుంది. గీత పొడవునా రంగు అందించేది ఆ పొట్టే. మూడు సున్నాల కుంచెకు పొట్ట ఉండదు, రంగు కాగితానికి చేరేలోపే ఆరిపోతుంది. కాబట్టి ఒకటో రెండో నంబరు గుండ్రటి కుంచె కొనండి. నీళ్ళలో ముంచి ఒక్కసారి విదిలిస్తే మొన దానంతటదే సూదిలా కూడుకోవాలి. కూడుకోకపోతే షాపులోనే వదిలేసి రండి.

ఇక నీళ్ళ సంగతి. నాకు తెలిసిన విద్యలో సగం ఇదే. రంగులో ముంచిన కుంచెను నేరుగా బొమ్మ మీద పెట్టకండి. ముందు పాత నూలుగుడ్డకు పొట్టను తాకించండి, తర్వాత చిత్తుకాగితం మీద రెండు గీతలు గీయండి. మొదటి గీత ఉబ్బితే నీళ్ళు ఎక్కువ. గరుకుగా తెగితే తక్కువ. రెండో గీత మొదలు నుంచి చివరిదాకా ఒకే మందంలో వస్తే అప్పుడు బొమ్మ దగ్గరికి వెళ్ళండి. ప్రతిసారీ ఇంతే, ఇరవయ్యేళ్ళు గీసినా ఇంతే.

నీడలు వేసే పద్ధతిని పర్దాజ్ అంటారు. రంగును పులమకుండా, దాదాపు ఆరిన కుంచెతో కంటికి ఆనీఆనని చిన్న గీతలూ చుక్కలూ పక్కపక్కన పేరుస్తూ పోవాలి. దీనికి బొమ్మ కూడా అక్కర్లేదు. రెండు అంగుళాల చదరం గీసి, ఒకే రంగుతో ఒక అంచు నుంచి రెండో అంచుకు లేతనుంచి ముదురుకు తీసుకెళ్ళండి. ఒక్క చదరానికి రెండు సాయంత్రాలు పట్టొచ్చు, పట్టనివ్వండి. నెలకు పది చదరాలు చేసినవాళ్ళ చేతిలో ముఖం దానంతటదే గుండ్రంగా తిరుగుతుంది.

కాగితం కూడా నున్నగా ఉండాలి. ఈ బొమ్మలకు సంప్రదాయంగా వాడే వస్లీ అంటే పలుచటి కాగితాలు పొరలుగా పిండి జిగురుతో అంటించి, పురుగు పట్టకుండా ఆ జిగురులో కాస్త మైలుతుత్తం కలిపి, ఆరాక అగేట్ రాయితోనో గవ్వతోనో రుద్ది నున్నచేసినది. దొరక్కపోతే హాట్ ప్రెస్ అనే నున్నటి వాటర్‌కలర్ కాగితం సరిపోతుంది.

పొడి రంగులు సొంతంగా కలుపుకోవాలనిపిస్తే తుమ్మజిగురు దగ్గర జాగ్రత్త. నా మొదటి బొమ్మలో జిగురు తక్కువై, రాయితో మెరుగు పెడుతుంటే ఇంగిలీకం ఎరుపు మొత్తం పొడిగా లేచి వచ్చేసింది. రెండోసారి జిగురు ఎక్కువ వేశాను, రంగు పగుళ్ళిచ్చింది. ఏడాది గడిచేదాకా ట్యూబు రంగులతోనే చేయండి. ఒక్క మందపు పూతకన్నా మూడు పలుచటి పూతలు నిలుస్తాయి.

చూడటం కూడా సాధనే. గులేర్‌లో పుట్టి, జస్రోటా రాజా బల్వంత్ సింగ్ దగ్గర పనిచేసిన పహాడీ చిత్రకారుడు నైన్‌సుఖ్ రంగు నింపకుండా వదిలిన చిత్రాలు చాలా ఉన్నాయి. పూర్తయిన వాటికన్నా అవే నాకు ఎక్కువ నేర్పాయి. రంగు కప్పేయక ముందు గీత ఎక్కడ మొదలైందో, ఎక్కడ దిద్దుకున్నాడో కనిపిస్తుంది. మన హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ మ్యూజియంలో మినియేచర్ల గ్యాలరీ ఉంది. వెళ్ళినప్పుడు అన్నీ చూడకండి. ఒక్క బొమ్మ ముందు అరగంట నిలబడి, చెవి దగ్గర వెంట్రుకలు చర్మంలోకి ఎలా కలిశాయో మాత్రం చూసి రండి.

ఇప్పుడు మూడు సున్నాల కుంచెలు పక్కన పెట్టండి. బల్ల మీద రెండో నంబరు కుంచె, గుడ్డముక్క, చిత్తుకాగితం ఉన్నాయి. అరచేయంత పొడవు గీత ఒకటి గీయండి, నేను ఒక్కొక్కరి దగ్గరికీ వస్తాను.