దవడ లేని చేప దగ్గరున్న లాడం

హోస్ట్: నమస్తే అండి. ఈ ఎపిసోడ్‌లో మనతో ఉన్నది డిగ్రీలో నాకు జువాలజీ చెప్పిన మేడమ్. మేడమ్, ల్యాంప్రే అనగానే నాకు ఆ గుండ్రటి నోరు బొమ్మే గుర్తొస్తుంది.

మేడమ్: అందరికీ అదే గుర్తుంటుంది బాబూ. దవడ ఉండదు, నోటినిండా పళ్లు, పెద్ద చేపకు అంటుకుని రక్తం పీల్చేస్తుంది. నేను మీకు చెప్పే రోజుల్లో పాఠం ఆ నోటితోనే అయిపోయేది. దాని రక్తంలో ఏముందో చెప్పనేలేదు. ఆ బాకీ తీర్చుకుందామనే వచ్చాను.

హోస్ట్: రక్తంలో అంటే, రోగక్రిములను పట్టుకునే ప్రోటీన్లు, యాంటీబాడీలా?

మేడమ్: అక్కడే ఉంది చిక్కంతా. 1960లలోనే ఒక సంగతి తెలిసింది. ల్యాంప్రేకు వేరే ల్యాంప్రే చర్మం ముక్క అతికిస్తే, కొన్నాళ్లకు దాని శరీరం ఆ ముక్కను ఊడగొట్టేస్తుంది. రెండోసారి అతికిస్తే ఇంకా త్వరగా. అంటే దానికి జ్ఞాపకం ఉంది, పరాయిదేదో గుర్తుపడుతోంది. కానీ మనకున్నలాంటి యాంటీబాడీ కోసం ఎంత వెతికినా దొరకలేదు.

హోస్ట్: మరి ఎప్పుడు తేలింది?

మేడమ్: 2004లో. జీవ్ పాన్సర్, మ్యాక్స్ కూపర్ వాళ్ల బృందం. మన శరీరంలో రోగాలతో పోరాడే తెల్లకణాల్లో బి కణాలు, టి కణాలు వేర్వేరని తేల్చినవాళ్లలో ఈ కూపర్ ఒకరు. వీళ్లు బురదలో బతికే ల్యాంప్రే పిల్లలకు ఇంజెక్షన్లు ఇచ్చి, రెచ్చిపోయిన తెల్లకణాల్లో ఏ ప్రోటీన్ తయారవుతోందో చూశారు. యాంటీబాడీ కనబడలేదు. ఇంకో ప్రోటీన్ కనబడింది, అది కూడా కణం కణానికీ మారిపోతూ. దానికి వేరియబుల్ లింఫోసైట్ రిసెప్టర్ అని పేరు పెట్టారు. పొట్టిగా వీఎల్ఆర్.

హోస్ట్: చూడ్డానికి ఎలా ఉంటుంది మేడమ్?

మేడమ్: నీ ముందున్న ఆ స్పైరల్ నోట్‌బుక్ ఇలా ఇవ్వు. తీగ లాగేస్తున్నా, ఏమనుకోకు.

హోస్ట్: తీసుకోండి, తీసుకోండి.

మేడమ్: ఇదిగో, చుట్టలు చుట్టలుగా ఉందా? ఇప్పుడు దీన్ని అర్ధచంద్రంలా వంచుతున్నాను. లోపలివైపు ఏమైంది?

హోస్ట్: చుట్టలు దగ్గరకొచ్చాయి. బయటివైపు ఎడంగా ఉన్నాయి.

మేడమ్: అంతే, వీఎల్ఆర్ ఇదే. గుర్రపు లాడంలా ఉంటుంది. ప్రోటీన్‌ను కట్టే ఇటుకలు అమైనో ఆమ్లాలు. ఒక్కో చుట్ట ఇంచుమించు 24 అమైనో ఆమ్లాల ముక్క. ప్రతి ముక్కలోనూ నిర్ణీతమైన చోట్ల లూసిన్ అనే అమైనో ఆమ్లం వస్తుంది. లూసిన్‌కు నీళ్లు గిట్టవు, నూనె బొట్టులాగా. అందుకని లూసిన్లన్నీ చుట్ట లోపలికి మొహం తిప్పి ఒకదాన్నొకటి అంటుకుని కూర్చుంటాయి. చుట్టలు విడిపోకుండా పట్టి ఉంచేది అదే.

హోస్ట్: మరి తీగ రెండు చివర్లూ తెరిచే ఉన్నాయి కదా, అక్కడ లూసిన్లకు నీళ్లు తగలవా?

మేడమ్: మంచి ప్రశ్న వేశావు! అందుకే రెండు చివర్లకూ మూతలుంటాయి. ఆ మూతల్లోని సిస్టీన్లు అనే అమైనో ఆమ్లాలు ఒకదానితో ఒకటి గంధకం బంధంతో బిగుసుకుంటాయి. ఇప్పుడు నీ వేలు ఈ వంపు లోపలివైపు పెట్టు. అక్కడ ప్రతి చుట్ట నుంచీ ఒక నిటారు పోగు వస్తుంది. ఆ పోగులన్నీ పక్కపక్కన చేరితే మగ్గం మీద పడుగులా పరుచుకుంటాయి. సూక్ష్మజీవిని పట్టుకునేది ఆ పరుపు. ఈ పోగుల్లో లూసిన్ల పక్కనున్న అమైనో ఆమ్లాలు బయటికి చూస్తుంటాయి. కణం కణానికీ మారేది ముఖ్యంగా అవే. లూసిన్ కదలదు, దాని పొరుగువాడు మారుతుంటాడు.

హోస్ట్: మన యాంటీబాడీ అయితే ఇంగ్లిష్ వై అక్షరంలా ఉంటుంది కదా.

మేడమ్: అవును, దాని చేతుల కొసల్లో ఉన్న వంకీలు పట్టుకుంటాయి. పైగా అమైనో ఆమ్లాల గొలుసులు రెండు రకాలు, బరువు గొలుసు, తేలిక గొలుసు రెండూ కావాలి. వీఎల్ఆర్‌కు ఒకే గొలుసు చాలు. అయితే దీనికీ ఒక వంకీ ఉంది. చివరి మూత నుంచి పొడుచుకొచ్చి పరుపు మీదికి వంగుతుంది. 2008లో అమెరికాలోని స్క్రిప్స్ పరిశోధన సంస్థలో పనిచేసే ఇయాన్ విల్సన్ బృందం, కూపర్ వాళ్లతో కలిసి దీన్ని 1.67 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో చూసింది. మీటరును వెయ్యి కోట్ల ముక్కలు చేస్తే ఒక ముక్క ఒక ఆంగ్‌స్ట్రామ్.

హోస్ట్: అందులో ఏం పట్టుకుని ఉంది?

మేడమ్: మన రక్తంలోని చక్కెర! ఓ గ్రూప్ ఎర్ర కణాల మీద హెచ్ యాంటిజెన్ అని ఉంటుంది. బాంబే బ్లడ్ గ్రూప్ అని వింటుంటాం కదా, వాళ్లకు లేనిది అదే. మూడు చక్కెరల చిన్న తునక. అది లాడం వంపులో కూర్చుంటే, పైనుంచి ఆ వంకీ వచ్చి అదిమింది. మామూలుగా చక్కెరల్ని గట్టిగా పట్టుకునే యాంటీబాడీలు తయారు చేయడం కష్టం. ఇంకో వీఎల్ఆర్ బొమ్మలో కోడిగుడ్డులోని లైసోజైమ్ అనే ఎంజైమ్ ఉంది. అక్కడ ఆ వంకీ ఆ ఎంజైమ్ పనిచేసే గాడిలోకే దూరిపోయింది.

హోస్ట్: ఇన్ని రకాలు ఎక్కణ్నుంచి వస్తాయి? ఒక్కో రకానికి ఒక్కో జీన్ ఉండదుగా?

మేడమ్: ఉండదు. మొదట్లో జీన్ సగం సగంగా ఉంటుంది, మధ్యలో ఖాళీ. దాని చుట్టుపక్కల వందలకొద్దీ చుట్టల తునకలు పడి ఉంటాయి. కణం ఎదిగేటప్పుడు వాటిలోంచి కొన్నిటిని నకలు తీసి ఖాళీలో అతుక్కుంటుంది. చుట్టల సంఖ్య కూడా ఒక్కో కణంలో ఒక్కోలా ఉంటుంది, దాంతో లాడం పొడవూ మారుతుంది. మొత్తం లెక్క వేస్తే వంద లక్షల కోట్లు దాటతాయి. అంటే కోటి కోట్లు!

హోస్ట్: కోటి కోట్లా!

మేడమ్: మన యాంటీబాడీలకు తీసిపోవు. ల్యాంప్రేలకూ మనకూ దారులు వేరై 50 కోట్ల ఏళ్లు అయింది. ఒకే అవసరానికి రెండు ఇళ్లలో రెండు రకాల తాళాలు చేసుకున్నారు. ఈ సంగతి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

హోస్ట్: ఒక్కో లాడం ఒంటరిగానే తిరుగుతుందా?

మేడమ్: వీఎల్ఆర్-బి అనే రకం కణం మీద ఉంటుంది, రక్తంలోకీ విడుదలవుతుంది. రక్తంలో ఎనిమిదో పదో గొలుసులు కాడల దగ్గర కలిసి గుత్తిలా ఉంటాయి. ఒక్కో లాడం పట్టు బలహీనంగా ఉన్నా, పది కలిసి పడితే వదలదు. ఎ, సి రకాలు మాత్రం కణం మీదే ఉండిపోతాయి, మన టి కణాల రిసెప్టర్లలాగా. ఆ కణాలు ఎదిగేది మొప్పల కొసల్లో.

హోస్ట్: ఇలాంటి లాడాలు మన ఒంట్లో అసలు లేవా మేడమ్?

మేడమ్: ఎందుకు లేవు! సూక్ష్మజీవుల్ని పసిగట్టే టోల్ రిసెప్టర్లు ఉన్నాయి, అవీ లూసిన్ చుట్టలే, కాకపోతే కణం కణానికీ మారవు. ఇంకొకటి ఉంది. డెంగీ వస్తే అందరూ కౌంట్ ఎంత, కౌంట్ ఎంత అని టెన్షన్ పడతారే, ఆ ప్లేట్‌లెట్ల మీద. గ్లైకోప్రోటీన్ వన్-బి ఆల్ఫా అంటారు. దాని చుట్టలూ, చివరి మూతా వీఎల్ఆర్‌కు చాలా దగ్గరగా ఉంటాయి. వీఎల్ఆర్ పుట్టింది అలాంటి ప్రోటీన్‌లోంచే అయ్యుంటుందని ఒక వాదన ఉంది.

హోస్ట్: అంటే నా వేలు తెగినప్పుడు...

మేడమ్: తెగిన రక్తనాళం గోడ దగ్గర ప్లేట్‌లెట్లను ముందుగా ఆపేది ఆ లాడమే. ఇదిగో, నీ తీగ.