ఇనుప రజను గీసే గీతలు అయస్కాంతంలో లేవు

[బల్ల మీద కడ్డీ అయస్కాంతం, దాని మీద తెల్ల కాగితం. పైనుంచి ఇనుప రజను పడుతుంది. వేలితో కాగితం తట్టగానే గీతలు దిద్దుకుంటాయి.]

ఈ బొమ్మ స్కూల్లో అందరం గీశాం, పరీక్షలో మార్కులూ తెచ్చుకున్నాం. కాబట్టి ఉత్తర ధ్రువం, దక్షిణ ధ్రువం పాఠం మళ్లీ చెప్పను. నా గొడవ వేరు. ఈ ప్రయోగం చేసిన ప్రతి వీడియోలోనూ ఒక మాట వస్తుంది: “చూశారా, అయస్కాంత బలరేఖలు కంటికి కనిపిస్తున్నాయి!”

కనిపించట్లేదండీ. కనిపిస్తున్నది ఇనుప రజను. గీతలు ముందే అక్కడుంటే రజను వచ్చి వాటి మీద వాలినట్టు చెప్తారు చూడండి, అదే నాకు ఒళ్లు మండే మాట. రెండు గీతల నడుమ తెల్లగా ఖాళీ ఉంది కదా, అక్కడా క్షేత్రం, అంటే అయస్కాంత ప్రభావం, ఉంది. పక్కన గీత ఉన్నచోట ఎంతుందో దాదాపు అంతే ఉంది.

రుజువు కావాలా? అయస్కాంతాన్ని కదపను. కాగితం తీసి, రజను డబ్బాలోకి దులిపి, మళ్లీ పెట్టి మళ్లీ చల్లుతున్నా.

[రెండు ఫొటోలు ఒకదాని మీద ఒకటి. ఎరుపు గీతలు మొదటిసారివి, నీలం గీతలు రెండోసారివి.]

మొత్తం ఆకారం అదే. కానీ ఎరుపు గీత ఉన్నచోట నీలం ఖాళీ, నీలం ఉన్నచోట ఎరుపు ఖాళీ. గీతలు అయస్కాంతానివే అయితే రెండుసార్లూ ఒకేచోట రావాలిగా?

[మేడ మీద. వెనక నీళ్ల ట్యాంకులు, సోలార్ హీటర్లు, దండేల నిండా బట్టలు.]

మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ మేడ ఇది. బెంగళూరులో ఈ నెలలో సాయంత్రమైతే గాలి బాగా లేస్తుంది. గాలి కనిపిస్తోందా? లేదు. దండెం మీద దుప్పటి ఎగురుతోంది, అది కనిపిస్తోంది. మేడ మీద మూడు దండేలున్నాయి కాబట్టి గాలి మూడు వరసల్లోనే వీస్తోందని ఎవరైనా అంటారా? దండేల మధ్య నేను నిలబడ్డా జుట్టు చెదురుతూనే ఉంది. గాలి మేడంతా ఉంది, బట్టలు మాత్రం దండెం ఉన్నచోటే ఉన్నాయి.

అయితే రజనుకి దండెం ఎవరు కట్టారు? అసలు మజా ఇక్కడే. రజనే కట్టుకుంది. ఇనుప రేణువు క్షేత్రంలో పడగానే తానూ ఒక బుల్లి అయస్కాంతం అయిపోతుంది. దాని ఉత్తరం పక్కదాని దక్షిణాన్ని లాగుతుంది, రెండూ తల-తోక కలిపి గొలుసు కడతాయి. కానీ పక్కపక్కనే, ఒకే దిక్కుకి తిరిగి ఉన్న రెండు గొలుసులు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. అందుకే నడుమ ఖాళీ. అంటే క్షేత్రం చెప్పింది గొలుసు ఎటు తిరగాలన్నదే. ఎన్ని గొలుసులు, ఎంత ఎడం అన్నది రజను వాటిలో అవి తేల్చుకున్న పంచాయితీ. ఇటు చూడండి, ఈ రెండు తడి చీరలు ఒకదానికొకటి అతుక్కుని ఉండలా చుట్టుకున్నాయి. దానికి గాలిని తప్పుపడితే ఎలా? చీరలు తడిగా ఉన్నాయి, అంతే.

ఈ బొమ్మ చూసి పెద్దపెద్దవాళ్లే దారి తప్పారు. 1644లో ఫ్రెంచ్ తత్వవేత్త రెనె డెకార్ట్ ఇలాంటి రజను బొమ్మే అచ్చువేయించాడు. ఆయన లెక్కలో మరచుట్లున్న సూక్ష్మ కణాలు అయస్కాంతంలోని రంధ్రాల గుండా స్క్రూల్లా తిరుగుతూ దూరి బయటికొస్తాయి. గీత కనిపించింది కదా, దానిలో ఏదో పారుతూ ఉండాలనుకున్నాడు. ఇంగ్లిష్ శాస్త్రవేత్త మైకేల్ ఫారడే మాత్రం 1851లో మైనం పూసిన కాగితాల మీద రజను బొమ్మల్ని చెదరకుండా నిలబెట్టి, మిత్రులకు కూడా పంపాడు. ఆయనకీ బలరేఖలు నిజంగానే ఉన్నాయన్న మమకారం ఉండేది, కాదనను. కానీ క్షేత్రం చోటంతా నిండి ఉంటుందన్న ఆలోచనకి దారి వేసిందీ ఆయనే. కాబట్టి ఫారడేని ఏమీ అనను.

రజనుకి ఇంకో లోపముంది, అది నా దండేనికి లేదు. దుప్పటి ఎటు ఎగిరితే గాలి అటు వీస్తోందని తెలుస్తుంది. రజను గొలుసు అటా ఇటా అన్నది చెప్పదు. ఏ కొస ఉత్తరమో రజనుని అడిగి లాభం లేదు, దిక్సూచినే అడగాలి. బుల్లి దిక్సూచులు పాతిక కొని పలక మీద వరసగా అమరిస్తే రజను కంటే నిజాయితీ గల బొమ్మ వస్తుంది. కాకపోతే వాటిని మరీ దగ్గరగా పెట్టకండి, ముల్లు కూడా అయస్కాంతమే, పక్క ముల్లుని లాగుతుంది. మళ్లీ తడి చీరల కథే.

[చేతిలో ముదురాకుపచ్చ పలచటి షీటు. దాన్ని గుండ్రటి అయస్కాంతం మీద పెడితే నల్లటి వలయం, చుట్టూ లేతాకుపచ్చ అంచు.]

నాకు అన్నింటికంటే ఇష్టమైన పనిముట్టు ఇదీ. మాగ్నెటిక్ వ్యూయింగ్ ఫిల్మ్. ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, కత్తెరతో కత్తిరించుకోవచ్చు. లోపల కంటికి ఆనని గుళికలు, ఒక్కో గుళికలో నూనె, ఆ నూనెలో పలచటి నికెల్ రేకులు. ఇక్కడే జనం రెండోసారి బోల్తాపడతారు. నల్లగా ఉన్నచోట అయస్కాంతం లేదనీ, మెరిసేచోట బలంగా ఉందనీ అనుకుంటారు. సరిగ్గా తలకిందులు. ఈ నల్లటి వలయం కింద ఉన్నదే ధ్రువం.

దండెం దగ్గరికే రండి. హ్యాంగర్‌కి తగిలించిన ఈ చొక్కా చూడండి, గాలికి గిర్రున తిరుగుతోంది. రొమ్ము మన వైపు తిరిగితే చొక్కా అంతా వెడల్పుగా, ఎండ పడి తళతళలాడుతుంది. పక్కకి తిరిగితే సన్నటి నిలువు గీత మిగులుతుంది. నికెల్ రేకు చేసేదీ అదే. క్షేత్రం ఫిల్మ్ వెంబడి అడ్డంగా పోతే రేకు వెల్లకిలా పడుకుని వెలుగుని తిప్పికొడుతుంది, అక్కడ ఫిల్మ్ మెరుస్తుంది. క్షేత్రం ఫిల్మ్‌లోంచి నిలువుగా దూసుకొస్తే రేకు అంచు మీద నిలబడుతుంది, వెలుగు లోపలికి పోతుంది, నలుపు. ధ్రువం మీద క్షేత్రం నిలువుగా వస్తుంది కాబట్టి నల్లగా ఉంటుంది. రెండు ధ్రువాల సరిహద్దులో ఒకదాన్నుంచి ఇంకోదానికి అడ్డంగా దాటుతుంది, అందుకే ఆ లేతాకుపచ్చ గీత. ఫిల్మ్ చెప్పేది వాలు ఎటన్నదే. బలమెంత అని అడిగితే జవాబు రాదు. ఇదీ ఉత్తరమా దక్షిణమా చెప్పదు.

ఇంట్లో ఫ్రిజ్ మీద పిజ్జావాళ్లిచ్చిన మెత్తటి మాగ్నెట్ ఉంటుందిగా? దాని వెనక ఫిల్మ్ పెట్టండి.

[ఫిల్మ్ మీద సన్నటి సమాంతర చారలు.]

ఉత్తరం, దక్షిణం, ఉత్తరం, దక్షిణం, చారలు చారలుగా. ఫిల్మ్ లేకపోయినా పర్లేదు. అలాంటివి రెండు తీసుకుని వెనకలు ఆనించి రుద్దండి. ఒక దిక్కున నున్నగా జారుతుంది, దానికి అడ్డంగా రుద్దితే టకటకమని పట్టుకుని వదులుతూ ఉంటుంది. క్షేత్రాన్ని చేతివేళ్లతో చదవడం అంటే ఇదే, ఒక్క రూపాయి ఖర్చు లేదు.

ఇక ఫెర్రోఫ్లూయిడ్. అందరూ అడిగేది దీని గురించే, నాకు అంతగా నచ్చనిదీ ఇదే. నల్లటి ద్రవం, అయస్కాంతం దగ్గరికి తేగానే పనసకాయలా ముళ్లు లేస్తాయి. 1963లో నాసా ఇంజనీర్ స్టీవ్ పాపెల్ తయారుచేశాడు. బరువు తెలియని చోట రాకెట్ ఇంధనాన్ని అయస్కాంతంతో లాగాలని ఆయన ఆలోచన. ద్రవంలో సుమారు 10 నానోమీటర్ల మాగ్నటైట్ (అయస్కాంత గుణమున్న ఐరన్ ఆక్సైడ్) రేణువులు, అవి ముద్దకట్టకుండా ఒక్కోదాని చుట్టూ సబ్బులాంటి పూత. అద్భుతమైన వస్తువే. కానీ “ఒక్కో ముల్లు ఒక్కో బలరేఖ” అంటే మాత్రం ఒప్పుకోను. అయస్కాంత బలం పైకి లాగుతుంది, ద్రవం బరువు కిందికి లాగుతుంది, తలతన్యత (ద్రవం పైపొర బిగువు) ఉపరితలాన్ని చదును చేయాలని చూస్తుంది. ఈ మూడింటి పెనుగులాటలో తేలేదే ముళ్ల మధ్య దూరం. ద్రవం మార్చండి, అయస్కాంతం అదే అయినా ముళ్ల లెక్క మారిపోతుంది. దుప్పటి అంచున ఎన్ని మడతలు పడ్డాయో లెక్కపెట్టి గాలి గురించి చెప్పగలమా? మడతలు దుప్పటి మందాన్ని బట్టి కూడా పడతాయి. చూడ్డానికి కొనుక్కోండి, కొలవడానికి వద్దు. తెల్లచొక్కా వేసుకుని అసలే ముట్టుకోవద్దు.

కొలవాలంటే మీ జేబులోనే ఉంది. చాలా ఫోన్లలో దిక్సూచి కోసం మూడు దిక్కుల్లోనూ క్షేత్రాన్ని కొలిచే చిప్ ఉంటుంది. జర్మనీలోని ఆఖెన్ యూనివర్సిటీవాళ్ల ఫైఫాక్స్ యాప్ ఉచితం, మూడు అంకెలూ విడివిడిగా చూపిస్తుంది.

[ఫోన్ స్క్రీన్. మొత్తం విలువ 40 మైక్రోటెస్లాల (క్షేత్ర బలాన్ని కొలిచే యూనిట్) చుట్టూ ఊగుతోంది.]

ఇది భూమి క్షేత్రం. ఫోన్‌ని పడుకోబెట్టి, స్లాబ్‌లోని కమ్మీలకి కాస్త ఎత్తుగా పట్టుకున్నా. నిలువు అంకె చూడండి, అడ్డంగా ఉన్నదానికంటే చాలా చిన్నది. అయస్కాంత భూమధ్యరేఖ మన దేశపు దక్షిణ కొస దగ్గరగా పోతుంది. అందుకే బెంగళూరులో భూమి క్షేత్రం దాదాపు పడుకునే ఉంటుంది. లండన్‌లో ఇదే ఫోన్ ఇలాగే పెడితే నిలువు అంకే పెద్దది.

ఇప్పుడు గ్రాఫ్ పేపర్ పరిచి మధ్యలో చిన్న అయస్కాంతం పెట్టండి. ఫోన్‌ని ఒకే దిక్కుకి ఉంచి గడి గడికీ జరుపుతూ అంకెలు రాసుకోండి. ఒక్కో గడిలో ఒక్కో బాణం గీయండి, క్షేత్రం బలంగా ఉంటే పొడుగ్గా, లేకపోతే పొట్టిగా. ఒక జాగ్రత్త. చిప్ ఫోన్ నడిబొడ్డున ఉండదు, చాలావాటిలో పైభాగంలో ఎక్కడో ఉంటుంది. ముందు చిన్న అయస్కాంతపు ముక్కని కాస్త ఎడంగా ఫోన్ మీద తిప్పి, అంకె ఎక్కడ ఎగిరిపడుతుందో చూసి గుర్తుపెట్టుకోండి. నియోడైమియం లాంటి గట్టి అయస్కాంతాలు మాత్రం ఫోన్‌కి ఆనించొద్దు, కెమెరా లోపల కూడా బుల్లి అయస్కాంతాలుంటాయి. బాణాలతో వచ్చిన ఆ బొమ్మే నా దృష్టిలో క్షేత్రానికి అసలు ఫొటో. అందులో ఖాళీలు లేవు, గీతలు లేవు. ప్రతి గడికీ ఒక దిక్కు, ఒక బలం. గీతలు కావాలంటే బాణాలు కలుపుతూ మీరే గీసుకోండి, పది గీస్తారో వంద గీస్తారో మీ ఇష్టం.

[చినుకుల చప్పుడు. వెనక ఒకావిడ దుప్పటి లాగి బుట్టలో వేసుకుంటున్నారు.]

అయ్యో, పక్క ఫ్లాట్ ఆంటీ బట్టలు తీసేస్తున్నారు, నా ఉదాహరణ మొత్తం బుట్టలోకి పోతోంది. మిగిలినవి గబగబా చెప్పేస్తా.

ఉక్కు భాగాన్ని అయస్కాంతంగా మార్చి, మెరిసే రంగు పూసిన ఇనుప పొడి పోసి, అతినీలలోహిత దీపం కింద చూస్తే కంటికి దొరకని బీట కూడా గీతలా వెలుగుతుంది. బీట దగ్గర క్షేత్రం బయటికి చిందుతుంది, పొడి అక్కడ పోగవుతుంది. రైలు చక్రాలకి ఇలాంటి పరీక్ష చేస్తారు, ఆ చక్రాలు మన యలహంకలోనే పోతపోస్తారు. చూడండి, ఇక్కడ రజను గీసిన గీత నిజంగానే గీత, ఎందుకంటే బీట నిజంగానే ఉంది!

ఇంకా సన్నటి పొడి వాడి 1931లో ఫ్రాన్సిస్ బిట్టర్ ఇనుము లోపలి డొమైన్ల, అంటే ఒక్కోటి ఒక్కో దిక్కుకి అయస్కాంతమై ఉన్న బుల్లి ప్రాంతాల, సరిహద్దులు చూశాడు. అలాంటి డొమైన్లుంటాయని పియెర్ వైస్ 1907లోనే అన్నాడు.

పొడే అక్కర్లేని దారి కాంతి. ధ్రువణ కాంతిని, అంటే ఒకే తలంలో ఊగే వెలుగుని, కొన్ని పదార్థాల గుండా పంపితే క్షేత్రం ఆ ఊగే దిక్కుని కాస్త మెలితిప్పుతుంది. ఫారడే 1845లో సీసం కలిసిన బరువైన గాజులో చూశాడు. ఇప్పుడు గార్నెట్ అనే స్ఫటికపు పొరలతో సూపర్ కండక్టర్లలోకి (కరెంటుకి అడ్డే చెప్పని పదార్థాల్లోకి) క్షేత్రం ఎలా చొరబడుతుందో చూస్తున్నారు. క్షేత్రంలో ఉన్న వాయువు వర్ణపటంలో (వెలుగుని రంగులుగా విడదీసిన పట్టీలో) గీతలు చీలతాయని జేమన్ 1896లో కనుక్కుంటే, దాంతోనే 1908లో హేల్ సూర్యుడి మచ్చల్లో అయస్కాంత క్షేత్రం ఉందని తేల్చాడు. దీనికి విడిగా ఒక వీడియో చేస్తా, కొడైకెనాల్ అబ్జర్వేటరీ కూడా చూపిస్తా.

ఆఖరిది, సూర్యుణ్ని గమనించే ఇస్రో నౌక ఆదిత్య ఎల్1. దాని మాగ్నెటోమీటర్, అంటే క్షేత్రాన్ని కొలిచే పనిముట్టు, బెంగళూరులోనే, ఇస్రోవాళ్ల లియోస్ ల్యాబ్‌లో తయారైంది. నౌకలోని కరెంటు తీగలకీ సొంత క్షేత్రం ఉంటుంది కాబట్టి 6 మీటర్ల కడ్డీ చాపి, కొసన ఒక సెన్సర్, నడుమ ఒకటి పెట్టారు. రెండు అంకెల తేడా చూస్తే నౌక సొంత వాటా ఎంతో తెలుస్తుంది, దాన్ని తీసేస్తారు. మీరూ గ్రాఫ్ పేపర్ మీద అయస్కాంతం పెట్టకముందే ఒకసారి అన్ని గడుల్లో కొలిచి రాసుకోండి. తర్వాత వచ్చిన అంకెల్లోంచి, మూడు దిక్కులకీ విడివిడిగా, వాటిని తీసేయండి. భూమి వాటా, బల్ల కింది ఇనుము వాటా, ఫోన్ స్పీకర్ వాటా అన్నీ పోయి మీ అయస్కాంతం ఒక్కటే మిగులుతుంది. బాణాలు దాంతో గీయండి. కెమెరా తడుస్తోంది, ఉంటానండీ.