వీధి దీపం షాట్ ఇక చాలు

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా ఉన్న విద్యార్థులకు నమస్కారం. పేరుపేరునా చెబితే నాకిచ్చిన సమయం అక్కడే అయిపోతుంది, మన్నించాలి. కష్టపడి చదువుకునే పిల్లల కథలు ఊరూరా తిరిగి ఎలా తీయాలో చెప్పమన్నారు. చెబుతాను. ముందొక మాట. వీధి దీపం కింద చదువుకునే పిల్లాడి షాట్ ఇంకా ఎన్నాళ్లు తీస్తారు?

ఇంట్లో కరెంటుంది, బల్బుంది. అయినా పిల్లాణ్ని బయటికి తీసుకొచ్చి స్తంభం కింద కూర్చోబెడతారు. దోమలు కుడుతుంటే కదలొద్దంటారు. ఆ ఇంట్లో అసలు ఇబ్బంది వేరు. ఉన్నది ఒకటే గది. పొయ్యీ అందులోనే, టీవీ అందులోనే, మంచంలో దగ్గే తాతా అందులోనే. ఆ గదిని తీయండి. స్తంభం ఎందుకు?

కర్నూలు జిల్లా పడమటి వైపు, ఆదోని, కోసిగి, కౌతాళం చుట్టుపక్కల ఊళ్లను తీసుకోండి. ఖరీఫ్ పనులైపోగానే కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు వైపు మిరప కోతలకు వెళ్తాయి. అక్కడి మాటలో సుగ్గికి పోవడం. చాలామంది తిరిగొచ్చేది ఉగాదికి. పదో తరగతి పరీక్షలేమో మార్చిలో. అంటే అమ్మానాన్నలు ఇంట్లో ఉండాల్సిన నెలల్లోనే ఉండరు. పిల్ల అవ్వ దగ్గరో, వలస వెళ్లినవాళ్ల పిల్లల కోసం ఆ నెలల్లో నడిపే సీజనల్ హాస్టల్లోనో ఉంటుంది, లేదా బడి మానేసి కోతకు పోతుంది. మన యూనిట్ వెళ్లేదెప్పుడు? ఫలితాలొచ్చాక, వేసవిలో. అప్పటికి తల్లిదండ్రులు వచ్చేసి ఉంటారు, స్వీటు తినిపిస్తారు, మనం తీసుకుంటాం. ఫిబ్రవరిలో ఆ ఇంటి గొళ్లేనికి వేలాడిన తాళం, పక్కింట్లో మేకుకు తగిలించిన తాళంచెవి మన సినిమాలో ఉండవు. కథంతా ఆ తాళంలోనే ఉంది కదండీ!

కాబట్టి రెండుసార్లు వెళ్లాలి. ఫిబ్రవరిలో ఊరికీ, కోతలు జరిగే చేనుకీ. ఫలితాలప్పుడు మళ్లీ ఊరికి.

చేను దగ్గర ఏమవుతుందో చెబుతాను, రాసుకోండి. కల్లంలో ఆరబోసిన మిరపకాయల ఎరుపు కెమెరాను మోసం చేస్తుంది. మామూలు హిస్టోగ్రామ్, అంటే వెలుగు ఎంత పడిందో చూపే గ్రాఫ్, బాగానే ఉన్నట్టు చూపిస్తుంది, లోపల ఎరుపు ఛానల్ ఒక్కటీ హద్దు దాటి తెగిపోయి ఉంటుంది. తర్వాత చూస్తే కాయకూ కాయకూ తేడా తెలియని ఎర్రటి ముద్ద. మూడు రంగులూ విడివిడిగా చూపించే హిస్టోగ్రామ్ పెట్టుకుని, ఎక్స్‌పోజర్, అంటే కెమెరాలోకి వచ్చే వెలుగు, అర స్టాపో, ఒక స్టాపో తగ్గించండి. ఒక స్టాపంటే వెలుగు సగానికి తగ్గడం. కూలీలు నీలం పట్టాతో వేసుకున్న గుడారంలో ముఖాలన్నీ నీలంగా వస్తాయి. రంగులు సరిచేసే వైట్ బ్యాలెన్స్‌ను ఆటోలో వదిలేస్తే షాట్ మధ్యలో రంగు మారుతుంది. తెల్ల కాగితం ముఖం దగ్గర పెట్టి సెట్ చేసి, దాన్ని కదపకండి. కల్లంలో లెన్స్ మార్చొద్దు, దుమ్ము సెన్సర్ మీదే కూర్చుంటుంది. మాట్లాడే మనిషిని గాలి వచ్చే వైపున కూర్చోబెట్టండి, లేకపోతే ఘాటుకు ఆమే దగ్గుతుంది, సౌండ్ చూసేవాడూ దగ్గుతాడు.

ఊళ్లో రేకుల ఇల్లయితే ఇంటర్వ్యూ పొద్దున తొమ్మిదిలోపే. ఎండెక్కితే రేకు సాగుతూ టప్పు టప్పుమంటుంది, ఆ చప్పుడు ఎడిటింగులో పోదు. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి సెకనుకు 25 ఫ్రేములు తీసేటప్పుడు షట్టర్ 1/50 సెకనుకు పెట్టండి, బల్బు మినుకుమినుకుమనదు. మాటలయ్యాక ఎవరూ కదలకుండా గది నిశ్శబ్దం 30 సెకన్లు రికార్డు చేయండి. 100 ఎంబీపీఎస్‌లో, అంటే సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున తీస్తే గంటకు 45 జీబీ. 128 జీబీ కార్డు మూడు గంటలు కూడా రాదు. రాత్రికి రెండు డ్రైవుల్లోకి ఎక్కించి ఇద్దరి సంచుల్లో పెట్టండి. ఒకే సంచిలో పెడితే రెండు కాపీలున్నా ఒకటి కిందే లెక్క.

వెనక ఎవరో కన్నీళ్లు తెప్పించే గ్లిజరిన్ గురించి అడుగుతున్నారు. ఏడిపించొద్దు బాబూ. "నీ కష్టాలు చెప్పమ్మా" అంటే ఏ పిల్లయినా తల దించుకుంటుంది. "పొద్దున ఎన్నింటికి లేస్తావు? నీళ్లెవరు తెస్తారు? ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం ఎవరు పెట్టారు?" అని అడగండి. ఆ సంతకం దగ్గరే కథ మొదలవుతుంది.

మాలావత్ పూర్ణ 13 ఏళ్ల వయసులో, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. శిఖరం మీది ఫొటో అందరికీ గుర్తుంది. ఆ గురుకులం పిల్ల ముందు భువనగిరి బండ మీద, తర్వాత డార్జిలింగ్‌లో నేర్చుకున్న సంగతి ఎంతమందికి గుర్తుంది?

అనుమతి సంగతి. 18 నిండని పిల్లలకు తల్లిదండ్రుల సంతకం కావాలి. వాళ్లు సుగ్గిలో ఉంటే అవ్వ వేలిముద్రతో సరిపెట్టకండి. చేను దగ్గరికి ఎలాగూ వెళ్తున్నారు, కాగితం తెలుగులో చదివి వినిపించి అక్కడే సంతకం తీసుకోండి. మార్కుల మెమో చూపిస్తే హాల్ టికెట్ నంబరు, ఆధార్ నంబరు కప్పేయండి. లైంగిక నేరం బాధితులైన పిల్లల గుర్తింపు బయటపెట్టడాన్ని పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం సెక్షన్ 23 నిషేధిస్తుంది. ముఖం మసకబార్చి ఊరిపేరు వేస్తే దాచినట్టు కాదు.

ముందు వరసలో ఉపకార వేతనాలిచ్చే సంస్థల వారున్నారు, మీకొక విన్నపం. రెండో ప్రయాణం ఖర్చు బడ్జెట్లో మొదటే రాయండి. డ్రోన్ అద్దె కొట్టేయండి, సరిపోతుంది. ఇంకొక ప్రయాణం కూడా ఉంది, అది అందరూ ఎగ్గొట్టేదే. బయటికి వదిలేముందు సినిమాను ఆ ఇంటికే తీసుకెళ్లి, ఆ పిల్లకు, వాళ్లమ్మకు చూపించాలి. ఆ పిల్ల ఏ షాట్ వద్దంటే అది తీసేయాలి. అది మీ పోస్టర్ షాట్ అయినా సరే.

ప్రశ్నలుంటే అడగండి. భోజనాలకింకా పది నిమిషాలుంది.