గోదావరిలో నాణెం, కూపర్ పారాచూట్

విమానాన్ని హైజాక్ చేసి, డబ్బుతో గాలిలోంచి దూకి మాయమైన డి.బి. కూపర్ కేసు గురించి ఎవరితో మాట్లాడినా చివరికి ఒకే మాట వస్తుంది: "అమెరికా దర్యాప్తు సంస్థ, అంత పెద్ద ఎఫ్‌బీఐ ఒక్క మనిషిని పట్టుకోలేకపోయిందా?" నాకు ఒళ్లు మండేది ఇక్కడే. పట్టుకోవడం తర్వాతి సంగతి, ముందు ఎక్కడ వెతకాలో తెలియాలి కదా!

కథ మీకు తెలిసిందే, గబగబా చెప్పేస్తాను. 1971 నవంబర్ 24. అమెరికాలో పోర్ట్‌లాండ్ నుంచి సియాటెల్ వెళ్లే నార్త్‌వెస్ట్ ఓరియెంట్ బోయింగ్ 727 విమానం. డాన్ కూపర్ అనే పేరుతో టికెట్ కొన్న ఒకతను బ్రీఫ్‌కేసులో బాంబు ఉందన్నాడు. సియాటెల్‌లో 2 లక్షల డాలర్లు, 4 పారాచూట్లు చేతికి రాగానే ప్రయాణికులను దింపేశాడు. విమానాన్ని మెక్సికో వైపు పోనిమ్మన్నాడు. దారిలో తోక కింది మెట్లు దించి, వాన కురుస్తున్న చీకట్లోకి దూకేశాడు. అన్నట్టు, 'డి.బి. కూపర్' అనే పేరు అతను ఎక్కడా చెప్పలేదు. అది పత్రికల పొరపాటు. యాభై ఏళ్లు దాటినా అదే పేరుతో పిలుస్తున్నాం!

ఇప్పుడు మనం గోదావరికి వెళదాం.

[తెరపై: రాత్రి వేళ రాజమండ్రి వంతెన, రైలు]

రాత్రి రైలు వంతెన మీద పోతోంది. చివరి పెట్టెలో ఎవరో తలుపు దగ్గర నిలబడి నదిలోకి నాణెం విసిరారు. మీరేమో ఇంజనులో, తలుపు మూసుకుని కూర్చున్నారు. నాణెం ఎక్కడ పడిందో చెప్పండి చూద్దాం. కూపర్ దూకినప్పుడు సిబ్బంది పరిస్థితి సరిగ్గా ఇదే. అందరూ కాక్‌పిట్‌లోనే ఉన్నారు. రాత్రి 8 గంటల ప్రాంతంలో మెట్లు కదిలాయని ఒక దీపం వెలిగింది. 8 గంటల 13 నిమిషాల ప్రాంతంలో విమానం తోక ఒక్కసారి పైకి లేచింది. వాళ్లకు తెలిసింది అంతే. తర్వాత ఎఫ్‌బీఐ అదే విమానం నుంచి సుమారు 90 కిలోల బరువును కిందికి తోయించి చూసింది. తోక అచ్చం అలాగే ఎగిరింది. కాబట్టి దూకింది అప్పుడేనని తేల్చారు.

సరే, సమయం తెలిసిందనుకుందాం. విమానం గంటకు దాదాపు 300 కిలోమీటర్ల వేగంతో పోతోంది. అంటే నిమిషానికి 5 కిలోమీటర్లు. గడియారంలో రెండు నిమిషాలు తేడా వస్తే పది కిలోమీటర్ల అడవి చేయి జారిపోయినట్టే. పైగా మన నాణేనికి ఒక గొడుగు కట్టి ఉంది! అది దూకగానే విచ్చుకుందా, సగం దూరం పడ్డాక విచ్చుకుందా, అసలు విచ్చుకోలేదా? మూడు కిలోమీటర్ల ఎత్తు నుంచి గాలి దాన్ని ఎటు నెట్టుకుపోయింది? ఒక్కో ప్రశ్నకూ మ్యాప్ మీద వెతకాల్సిన మేర పెరుగుతూనే పోతుంది.

మొదటి లెక్కలు వాషింగ్టన్ రాష్ట్రంలోని ఏరియల్ ఊరినీ, లూయిస్ నది మీది మెర్విన్ జలాశయాన్నీ చూపించాయి. హెలికాప్టర్లు తిరిగాయి. 1972 వసంతంలో సైనికులు వారాల తరబడి ఆ అడవిని గాలించారు. కూపర్ జాడ లేదు, పారాచూట్ లేదు, ఒక్క నోటు కూడా లేదు. విమానం అనుకున్నదానికన్నా తూర్పుగా పోయి ఉండవచ్చని తర్వాత మరో లెక్క వచ్చింది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం 1980 ఫిబ్రవరి. కొలంబియా నది ఒడ్డున, టీనా బార్ అనే చోట, మంట వేసుకోవడానికి ఇసుక చదును చేస్తున్న ఎనిమిదేళ్ల పిల్లవాడికి చివికిపోయిన మూడు నోట్ల కట్టలు దొరికాయి. మొత్తం 5,800 డాలర్లు. నంబర్లు కూపర్‌కు ఇచ్చిన నోట్లతో సరిపోయాయి. "ఇంకేం, నది కొట్టుకొచ్చింది" అంటారా? మ్యాప్ చూడండి.

[తెరపై: కొలంబియా, లూయిస్ నదుల సంగమం]

లూయిస్ నది కొలంబియాలో కలిసేది టీనా బార్‌కు దిగువన. రాజమండ్రి వంతెన మీద వేసిన నాణెం పోలవరంలో దొరికితే ఎలా ఉంటుందో ఇదీ అంతే. నాణెం ఎదురీదదు కదా! అందుకే ఎగువన కలిసే వాషూగల్ నది వైపు చాలామంది చూపు మళ్లింది. ఆ వాదనకూ ఒక చిక్కు ఉంది. కట్టల చుట్టూ రబ్బరు బ్యాండ్లు ఇంకా ఉన్నాయి. నదిలో ఏళ్ల తరబడి దొర్లిన కట్టకు రబ్బరు నిలుస్తుందా? నాకైతే నమ్మకం లేదు.

సమయం అయిపోతోంది, మిగిలినవి పరుగున చెబుతాను. 'అతను ఆరితేరిన పారాచూట్ వీరుడు' అనే మాట నేను ఒప్పుకోను. అతను తీసుకెళ్లిన రిజర్వ్ పారాచూట్, అంటే మొదటిది పనిచేయకపోతే వాడే రెండోది, శిక్షణలో చూపించడానికి వాడేది, విప్పడానికి వీల్లేకుండా కుట్టేసినది. తెలిసినవాడు దాన్ని ముట్టుకుంటాడా? ఇక అతన్ని హీరో అనేవాళ్లకు ఒక మాట. ఆ రాత్రి అతని పక్కన కూర్చుని మాట కలుపుతూ నెట్టుకొచ్చిన విమాన పరిచారికకు అప్పుడు 22 ఏళ్లు. ధైర్యం గురించి మాట్లాడాలంటే ఆమె గురించి మాట్లాడండి.

1972లో ఇంకొందరు అదే పద్ధతిలో 727ల నుంచి దూకారు. దాంతో గాలిలో మెట్లు తెరుచుకోకుండా తోక దగ్గర చిన్న రెక్క బిగించారు. దాని పేరు కూపర్ వేన్. 2016లో ఎఫ్‌బీఐ ఈ కేసు మీద చురుకైన దర్యాప్తు ఆపేసింది. కూపర్ విమానంలో వదిలేసిన టై గురించి చెప్పనే లేదు... అది ఇంకో వీడియోకు సరిపడా ఉంది.