ధనుష్కోడి రైలు: సముద్రం తీసుకెళ్లిన మెయిన్ లైన్

[తెర మీద: పాంబన్ ద్వీపం మ్యాప్]

ఈ మ్యాప్ ఒకసారి చూడండి. పాంబన్ వంతెన దాటి ద్వీపంలోకి రాగానే ఒకప్పుడు పట్టాలు రెండుగా చీలేవి. ఒక దారి రామేశ్వరానికి, ఇంకో దారి ధనుష్కోడికి. వీటిలో మెయిన్ లైన్ ఏదనుకుంటున్నారు? ధనుష్కోడిది. రామేశ్వరానిది బ్రాంచి లైన్.

మనవాళ్లు రామేశ్వరంలో తీర్థస్నానాలు, దర్శనం అయ్యాక బండి మాట్లాడుకుని ధనుష్కోడి వెళ్తారు. కూలిన చర్చి ముందు ఫోటో దిగి వచ్చేస్తారు. దాన్ని దెయ్యాల ఊరని చూపించే వీడియోలు బోలెడు. ఆ పేరు వింటే నాకు బాధేస్తుంది. అక్కడ పోయినవాళ్లు రైలు ఎక్కిన మామూలు జనం. ఆ రాళ్లను రైల్వే స్టేషన్‌గా, రేవుగా చూస్తేనే వాళ్ల బతుకు మనకు అర్థమవుతుంది.

[పాత పాంబన్ వంతెన ఫోటో]

1914 ఫిబ్రవరిలో పాంబన్ వంతెన తెరిచారు. పొడవు 2 కిలోమీటర్లకు పైనే. గుడికి వెళ్లే యాత్రికులకు అది ఎంతో మేలు చేసింది. కానీ బ్రిటిష్‌వాళ్ల లెక్కలో అసలు గమ్యం సిలోన్, అంటే ఇప్పటి శ్రీలంక. అంతకుముందు కొలంబో వెళ్లాలంటే తూత్తుకుడి దాకా రైల్లో పోయి, అక్కడ ఓడ ఎక్కి సముద్రం మీద చాలాసేపు ప్రయాణం చేయాలి. ధనుష్కోడి నుంచి అవతలి ఒడ్డున ఉన్న తలైమన్నార్ సుమారు 30 కిలోమీటర్లే. అందుకే పట్టాలను ఆ ఇసుక కొస దాకా లాక్కెళ్లారు.

మద్రాసు ఎగ్మోర్‌లో బోట్ మెయిల్ ఎక్కితే, రైలు నేరుగా ధనుష్కోడి రేవు దాకా వచ్చేది. అక్కడ దిగి స్టీమర్ ఎక్కాలి. గోషెన్, ఇర్విన్ అని స్టీమర్ల పేర్లు. అవతల తలైమన్నార్‌లో ఇంకో రైలు సిద్ధంగా ఉండేది. మద్రాసు నుంచి కొలంబో దాకా ఒకటే టికెట్. రైలు, ఓడ, మళ్లీ రైలు. తేయాకు తోటల్లో పనికి వెళ్లిన లక్షలాది తమిళ కూలీల దారి కూడా ఇదే. వాళ్లను మండపం అనే ఊరి దగ్గర క్యాంపులో కొన్ని రోజులు ఉంచి, వైద్య పరీక్షలు చేసి పంపేవాళ్లు. ఆ కుటుంబాలు ఇటువైపు చివరిసారిగా నిలబడిన నేల ధనుష్కోడి ప్లాట్‌ఫారమే. నాకు అక్కడ అన్నిటికన్నా ముందు గుర్తొచ్చేది వాళ్లే.

స్టేషన్ ఉంది కాబట్టి కస్టమ్స్ ఆఫీసు, పోస్టాఫీసు, ఆసుపత్రి, బడి, రైల్వే క్వార్టర్స్ వచ్చాయి.

[నల్లటి తెర. తేదీ: 1964 డిసెంబర్ 22]

అండమాన్ దగ్గర పుట్టిన వాయుగుండం పెను తుపానుగా మారి శ్రీలంకను దాటి ఇటొచ్చింది. 1977లో దివిసీమ చూసిన మనకు ఉప్పెన అంటే ఏంటో ఎవరూ చెప్పక్కర్లేదు. పాక్ జలసంధిలో సముద్రం లోతు చాలా తక్కువ. గాలి తోసుకొచ్చిన నీటికి కిందికి పోయే చోటు లేక గోడలా పైకి లేస్తుంది. ధనుష్కోడేమో రెండు వైపులా సముద్రం ఉన్న సన్నటి ఇసుక పట్టీ.

ఆ రాత్రి పాంబన్ నుంచి 653 నంబరు పాసింజర్ బయల్దేరింది. ధనుష్కోడి దగ్గరికి వచ్చేసరికి సిగ్నల్ పడలేదు. డ్రైవర్ కాసేపు ఆగాడు. తర్వాత కూత వేసి నెమ్మదిగా ముందుకు కదిలాడు. అంతలో అల వచ్చి బోగీలన్నిటినీ ముంచేసింది. రైల్లో ఉన్న వందమందికి పైగా జనంలో ఒక్కరూ మిగల్లేదు. ఆ తుపానుకు భారత్, శ్రీలంకల్లో కలిపి సుమారు 1,800 మంది చనిపోయారు. మన సావిత్రి, జెమినీ గణేశన్ కూడా అప్పుడు రామేశ్వరంలోనే ఉన్నారు. వాళ్లు ప్రాణాలతో బయటపడ్డారు.

[వంతెన మరమ్మతు]

ఇక్కడి నుంచి రెండు లైన్ల దారి వేరైంది. పాంబన్ వంతెన 145 గడ్డర్లలో 126 కొట్టుకుపోయాయి. ఓడలకు దారి ఇవ్వడానికి పైకి లేచే షెర్జర్ స్పాన్ మాత్రం నిలిచింది. అప్పటికి 32 ఏళ్ల ఇంజనీర్ ఈ. శ్రీధరన్‌కు మరమ్మతు అప్పగించారు. సముద్రంలో పడ్డ గడ్డర్లను వెతికించి, పైకి తీయించి, 46 రోజుల్లో వంతెన మళ్లీ నిలబెట్టారు. రామేశ్వరానికి రైలు వచ్చింది.

ధనుష్కోడికి మాత్రం రాలేదు. ఊరు మనుషులు ఉండటానికి పనికిరాదని ప్రభుత్వం ప్రకటించింది. శ్రీలంక ఓడ రామేశ్వరం నుంచే నడిచింది. శ్రీలంకలో అంతర్యుద్ధం మొదలయ్యాక 1984లో అదీ ఆగింది. ఓడే రానప్పుడు ధనుష్కోడిలో పట్టాలతో పనేముంది?

[శిథిలాలు]

మీరు వెళ్తే కంగారు పడకుండా చూడండి. 2017లో ఆ ఇసుక పట్టీ చివరి కొస అరిచల్‌మునై దాకా తారు రోడ్డు పూర్తయ్యాక చాలామంది కారు దిగకుండానే శిథిలాలు దాటిపోతున్నారు. సాయంత్రమైతే పోలీసులు బండ్లను వెనక్కి పంపేస్తారు కాబట్టి పొద్దున్నే బయల్దేరండి. విడివిడిగా నిలబడ్డ కమాను గోడలు స్టేషన్‌వి. నీళ్ల ట్యాంకు రైల్వేది, ఆవిరి ఇంజన్‌కు నీళ్లు లేకపోతే రైలు కదలదు కదా. గోడలను దగ్గరగా చూస్తే పగడపు రాళ్లు కనిపిస్తాయి. ఉప్పుగాలికి అవి పొడిపొడిగా రాలిపోతున్నాయి. దయచేసి ఎక్కకండి, పేర్లు చెక్కకండి, గుర్తుకని రాయి తెచ్చుకోకండి. పక్కనే గుడిసెల్లో ఉండే జాలరి కుటుంబాల దగ్గర కూర్చుని మాట్లాడండి, ఏదైనా కొనండి.

రామేశ్వరం నుంచి ధనుష్కోడికి మళ్లీ లైన్ వేస్తామని 2019లో శంకుస్థాపన చేశారు. 17 కిలోమీటర్లు. పట్టాలు ఇంకా పడలేదు. పాంబన్‌లో కొత్త వంతెన మాత్రం 2025 ఏప్రిల్‌లో తెరిచారు. నా మటుకు, కదిలే ఇసుక మీద కొత్త లైన్ కన్నా ముందు ఆ స్టేషన్ గోడలకు మరమ్మతు చేయాలి. 653లో పోయినవాళ్ల కథను తమిళంతో పాటు తెలుగు, హిందీల్లో కూడా ఒక బోర్డు మీద రాసి పెట్టాలి. అక్కడికి వచ్చే యాత్రికుల్లో మనవాళ్లు తక్కువేం కాదు.